కండ్లు మండని గడ్డలు

సరళ టీచర్‌కు పూల పిచ్చి. జీతం చేతికొచ్చిన రోజు చీరల దుకాణం మెట్లెక్కకుండా కుండీల దుకాణం దగ్గర ఆగిపోయే రకం. పుట్టింది సత్తుపల్లి పక్క పల్లెలో, కాపురం వైరాలో, ఉద్యోగం మాత్రం బూర్గంపాడు దాటి అడవి అంచున ఉన్న తండా బడిలో. భర్త జగదీష్ అక్కడ, ఆమె ఇక్కడ. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే సోమవారం పొద్దున మళ్లీ ఆ బడి ముందే దిగడం. ఆ బడిలో రెండు పోస్టులుంటే రెండోది ఎప్పుడూ ఖాళీయే. అందుకని టీచరూ ఆమే, పెద్ద టీచరూ ఆమే, పిల్లల మధ్యాహ్న భోజనానికి పూచీ కూడా ఆమెదే. సాయంత్రం బూర్గంపాడులో కిరాయి గదికి చేరితే మాట్లాడటానికి ఇంటి ఓనరమ్మ సఫూరా తప్ప మనిషి లేదు.

వానలిల్లీలు ఆమెకు అంటగట్టింది ఆ సఫూరాయే. పెరడంతా పాత డాల్డా డబ్బాలు, వాటి నిండా సన్నటి గడ్డిలాంటి ఆకులు. మొదటిసారి చూసినప్పుడు సరళ, ఉల్లికాడలు పెంచుతోంది కాబోలు ముసలమ్మ అనుకుంది.

"ఇది వానగడ్డ బేటీ" అంది సఫూరా. "మస్తు మొండిది. నువ్వు నీళ్లు పోసినవనుకో, ఆకులేస్తది గని పువ్వియ్యదు. ఎండకు వదిలెయ్యాలె. సచ్చిపోయిందిరా అనుకునేదాక వదిలెయ్యాలె. గప్పుడు ఒక్క వాన పడనీ. మూడో దినానికి చూడు, జమీన్ అంత గులాబీ రంగు."

గడ్డలు పొట్లం కట్టిస్తూ ఇంకో మాట కూడా చెప్పింది. "నోట్లె మాత్రం పెట్టుకోకు. పోయినేడు మా మేక నాలుగు నమిలి రెండ్రోజులు లేవలే."

సరళ నవ్వింది. పూల గడ్డలు నోట్లో పెట్టుకునేంత కరువులో నేనున్నానా ఖాలా అంది. ఆ నవ్వు తర్వాత ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

బడి గేటు నుంచి జెండా కర్ర దాకా రెండు వరసల్లో నాటింది. మెడ వరకూ మట్టిలో ముంచి, జానెడు జానెడు ఎడంతో. మొదటి ఏడు జూన్‌లో పూసినప్పుడు తండా ఆడవాళ్లు నీళ్ల బిందెలు పక్కన పెట్టి మరీ నిలబడి చూశారు. మూడేళ్లకు ఒక్కో గడ్డ పది పిల్లలు పెట్టి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని, పూయడం తగ్గించేశాయి. తవ్వి, విడదీసి, ఎడంగా నాటితే తప్ప లాభం లేదని సఫూరా తేల్చి చెప్పింది. ఆ సంవత్సరం, అంటే రెండువేల ఐదు మార్చిలో, ఒంటిపూట బడులు మొదలయ్యాక ఒక శనివారం సరళ గునపం పట్టుకుంది.

ఎండిన ఆకులు కోసేసి, మట్టి దులిపితే గంపెడు గడ్డలు తేలాయి. పైన గోధుమరంగు పొర, లోపల తెలుపు, చిన్న ఉల్లిపాయలంత. మూడు రోజులు నీడన ఆరితే చాలు, మళ్లీ నాటుకోవచ్చు. కానీ నీడెక్కడ? బడి కప్పు రేకులది, మధ్యాహ్నానికి లోపల మనిషే ఉడికిపోతాడు. బడి వెనక వంట చేసే తాటాకు పాక ఒక్కటే చల్లగా ఉంటుంది. గంప చంకన పెట్టుకుని అక్కడికి వెళ్లింది.

వంట చేసే హేమ్లి గిన్నెలు తోముతోంది. యాభై ఏళ్ల మనిషి. మధ్యాహ్న భోజనం మొదలైన దగ్గర్నుంచీ ఆ పొయ్యి ముందు ఆమే. గరిటె, పెద్ద సత్తు మూత కూడా ఇంటి నుంచి తెచ్చుకుంది, బడి ఇచ్చిన మూత గిన్నెకు సరిపోవడం లేదని.

"హేమ్లక్కా, ఈ గడ్డలు నీ దగ్గర పెడుతున్నా. ఎండ తగలనివ్వకు, తడి తగలనివ్వకు."

"మంచిగ జేసిండ్రు మేడం" అంది హేమ్లి మొహం ఇంత చేసుకుని. "నేనే అడుగుదమనుకున్న."

ఏమడుగుదామనుకుంది? సరళకు ఆ ప్రశ్న తట్టలేదు. బస్సు టైమైపోతోంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే జరిగిన ఘోరమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. సరళ పుట్టిన వైపు కూరలో వేసుకునేది ఉల్లిపాయ. తండాలో అది ఉల్లిగడ్డ. పని తొందరలో 'ఉల్లి' ఎగిరిపోయి ఉత్త గడ్డ మిగులుతుంది. సరళ కూడా మూడేళ్లలో గడ్డ అనడం నేర్చుకుంది, కానీ నేర్చుకున్నది సఫూరా పెరట్లో, వంటింట్లో కాదు. ఆమె నోట్లో గడ్డ అంటే పువ్వు. హేమ్లి చెవిలో గడ్డ అంటే కూర. పైగా ఆ వారం దుకాణంలో ఉల్లిగడ్డలు రాలేదు, ఉల్లిగడ్డ లేని పప్పును పిల్లలు ముట్టడం లేదు. ఇక ఎండా తడీ తగలనివ్వొద్దని చెప్పేది దేని గురించి? ఎవరిని నిందిస్తాం చెప్పండి.

సోమవారం హేమ్లి గంపలో గట్టివన్నీ ఏరి, తరిగి పప్పులో వేసింది.

పన్నెండింటికి పిల్లలు తిన్నారు. సరళ వైరా నుంచి తెచ్చుకున్న డబ్బా తింది. అరగంట గడవకముందే మోతీ కూతురు కవిత వరండా స్తంభం పట్టుకుని వాంతి చేసుకుంది. దాని వెనకే ఇంకొకరు. ఒంటిగంటకల్లా పదిహేడు మంది. తల్లి మోతీ అయితే పొలం నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి కూతుర్ని భుజాన వేసుకుని, పిల్లల్ని దవాఖానాకు తీసుకెళ్లే ట్రాక్టర్ రాకముందే రోడ్డు పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఏడేళ్ల పిల్ల, తల అటూ ఇటూ వాలిపోతోంది. సరళ వెనకాల పరిగెత్తింది.

మండలం దవాఖానాలో డాక్టర్ గారు సెలైన్లు పెట్టిస్తూ, తిన్నదేదైనా మిగిలితే తీసుకురమ్మన్నారు. సరళ ఆటోలో వెనక్కి వచ్చింది. గిన్నె అప్పటికే ఎవరో కోపంతో తన్నేశారు, పప్పంతా నేలపాలు. పాకలోకి తొంగిచూసింది. గంప బోర్లించి ఉంది.

ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. గిన్నె అంచుకు అంటుకున్న తెల్లటి ముక్కనొకదాన్ని తీసి వాసన చూసింది. ఉల్లి వాసన లేదు.

చెప్పేద్దామనే బయల్దేరింది, అది నిజం. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. కానీ దవాఖానా మెట్లెక్కేసరికి డాక్టర్ గారు, "భయం లేదు మేడం, అందరూ తేరుకుంటున్నారు, ఆ ఒక్క పాపను మాత్రం రెండు మూడు రోజులు ఉంచుదాం" అన్నారు. గుంపులోంచి ఎవరో, "బల్లి పడ్డదా సార్ పప్పుల?" అని అడిగారు. ఆయనకు అవతల సూది పెట్టాల్సిన పిల్లలు అయిదుగురున్నారు. "పడి ఉండొచ్చు" అని వెళ్లిపోయారు.

అంతే. బల్లి పుట్టింది. సాయంత్రానికి దానికి తోక కూడా మొలిచింది; గిన్నె అడుగున తోక కనిపించిందని ఒకరు, లేదు తలకాయేనని ఇంకొకరు. హేమ్లి ఆ రోజు ఇంకా తినలేదు కాబట్టి ఆమెకేం కాలేదు; అదీ నేరమైపోయింది. తనకు తెలుసు గనకే తినలేదన్నారు.

ఆ రాత్రి జగదీష్‌కు ఫోన్ చేసి సరళ అంతా చెప్పింది. "జూన్‌లో బదిలీ కౌన్సెలింగ్ ఉంది. ఇప్పుడు మెమో పడిందంటే ఇంకో అయిదేళ్లు అక్కడే. పిల్లలు బాగానే ఉన్నారు కదా? నోరు మూసుకో" అన్నాడు. ఆమె మూసుకుంది. తప్పు మాత్రం అతని మీదికి నెట్టింది, ఆయనే వద్దన్నాడని.

మూడో రోజు మండల విద్యాధికారి విచారణకు వచ్చాడు. వరండాలో కుర్చీ వేశారు. తండాకు తండా అంతా చుట్టూ చేరింది. హేమ్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏమేం వేశావమ్మా పప్పులో?"

"పప్పు, నూనె, చింతపండు, కారం, గడ్డలు సార్. గడ్డలు దుకాణంల లేకుండె. మేడమే తెచ్చిచ్చింది గంపెడు, పోరగాళ్లు తింటలేరని."

ఆయన మెచ్చుకోలుగా సరళ వైపు తిరిగాడు. "సొంతంగా తెచ్చారా మేడం? మీలాంటివాళ్లు మండలానికి నలుగురుంటే చాలండీ."

సరళ తల ఊపింది. అవునని ఊపిందో, కాదని ఊపిందో ఆమెకే తెలియదు. ఆయన అవుననే రాసుకున్నాడు.

"మేడం దిక్కు గడ్డలు మంచియి సార్" హేమ్లి ఇంకా చెబుతూనే ఉంది. "అన్ని కోసిన గని కండ్లు మండలే, ఒక్క సుక్క నీళ్లు రాలే..."

ఇప్పుడు పట్టుకుంటాడు, ఇప్పుడు అడుగుతాడు అనుకుంది సరళ. అడిగితే బాగుండు అని కూడా అనుకుంది. ఆయన చేత్తో ఈగను తోలినట్టు, "సరే సరే. మూత పెట్టావా?" అన్నాడు.

"పెట్టిన సార్."

"మధ్యలో తీయలేదా?"

"కలపాలంటే తియ్యాలె గద సార్."

"అదీ సంగతి" అన్నాడు ఆయన, దొంగ దొరికినట్టు. మర్నాటి నుంచి హేమ్లి వంటకు రానక్కర్లేదని తేల్చేసి టీ తాగి వెళ్లిపోయాడు. నిజం వరండా మధ్యలోకి వచ్చి నిలబడితే, దాన్ని గుర్తుపట్టిన మనిషి అక్కడ ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ నేల చూపులు చూసింది.

కడుపులో పెట్టుకోలేక ఆ సాయంత్రం సఫూరా దగ్గర కూర్చుని ఏడ్చింది. సఫూరా బియ్యంలో రాళ్లు ఏరుతూ మొత్తం విన్నది.

"గివన్ని నాకెందుకు చెప్తున్నవ్?" అంది చివరికి. "నేను తిన్ననా గా పప్పు? నా నౌకరీ పోయిందా? చెప్పాల్సినోళ్లకు చెప్పు." మళ్లీ రాళ్లు ఏరుకుంది. ఆ తర్వాత సరళను బేటీ అని పిలవడం మానేసింది.

వేసవి సెలవులొచ్చాయి. సరళ వైరా వెళ్లిపోయింది. రిజర్వాయర్ కట్ట మీద భర్తతో నడుస్తూ మరిచిపోయే ప్రయత్నం చేసింది. ఆ ఏడు ఎండలు పెట్రేగిపోయాయి, మామిడికాయలప్పుడు పడే జల్లు కూడా పడలేదు.

జూన్‌లో బడి తెరిచాక తండా కబుర్లు కొత్త వంటామె చెప్పింది. మేలో రూప్లా తమ్ముడింట్లో పెళ్లి జరిగితే, రూప్లా పెళ్లామైన హేమ్లిని రొట్టెల దగ్గరకు రానివ్వలేదట. పిండి ముట్టుకోబోతే ఎవరో పళ్లెం జరిపేశారట. ఇంట్లో రూప్లా తింటున్నాడు గానీ ముద్ద కలిపే ముందు పళ్లెం దీపానికి ఎత్తి చూసుకుంటున్నాడట. చివరికి హేమ్లే పెద్దల ముందు ఒప్పుకుందట. "పడ్డదేమో. పొగల నాకు కనవడలేదేమో" అన్నదట. ఇప్పుడు ఏ గిన్నె మూత తీసినా ముందు బల్లి కోసం వెతుకుతోందట.

సరళ తింటున్న డబ్బా మూసేసింది. లేని బల్లిని ఆమె ఒప్పుకుంది, ఉన్న గడ్డల్ని నేను ఒప్పుకోలేదు అనుకుంది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అయినా వెళ్లలేదు. బదిలీ ఆర్డరు బ్యాగులో ఉంది. వైరా పక్కనే బడి. శనివారం రిలీవ్ అయితే సరి. ఇంకో నాలుగు రోజులు.

మంగళవారం సాయంత్రం తొలి వాన పడింది. శుక్రవారం పొద్దున బడి ముందు రెండు వరసల్లోనూ ఉత్త తడిమట్టి. అలవాటుకొద్దీ సరళ చూపు అటు పోయింది, వెంటనే తిప్పుకుంది.

"మేడం! మేడం!"

బడి వెనక నుంచి హేమ్లి పరుగులాంటి నడకతో వస్తోంది. చిక్కిపోయింది. ఒక చేతిలో సత్తు మూత. రెండో చేతిలో వేళ్లతో సహా పీకిన మొక్క, దాని మీద పూర్తిగా విచ్చుకున్న గులాబీ రంగు పువ్వు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"మేడం, నా పప్పుల పడ్డ బల్లి పూసింది!"

కుర్చీలో ఉన్న సరళ హాజరు పుస్తకం మూసింది.

"నా మూత నేను తీస్కపోదమని వచ్చిన. పాక ఎనక బూడిద కుప్ప మీద గుత్తులు గుత్తులు పూసినయి. ఈడెట్ల పూసినయి, మేడం పూలు ఇటు ముంగట గద ఉంటయి అని పీకి చూసిన. చూస్తే గడ్డ! నేను కోసిన గడ్డే మేడం. సన్నయి, మెత్తటియి ఏరి గాడ పారేసిన గద ఆ రోజు. గవే." ఊపిరి తీసుకుంది. "అందుకే కండ్లు మండలే. బల్లి లేదు మేడం. బల్లే లేదు! నేను మూత మంచిగనే పెట్టిన!"

మొక్కను బల్ల మీద పెట్టింది. హాజరు పుస్తకం మీద మట్టి రాలింది. సరళ ఆ తెల్లటి గడ్డను చూస్తూ కూర్చుంది.

"మీరు పూల గడ్డలని ఇచ్చిండ్రు, నేను కూర గడ్డలనుకున్న. మీకూ తెల్వలే, నాకూ తెల్వలే. ఇద్దరం గమ్మతిగ మోసపోయినం" అంది హేమ్లి, కళ్లు తుడుచుకుంటూ. ఆమె మనసులో సరళ మీద ఇసుమంత అనుమానం లేదు. "మీరొక్కసారి తండాకొచ్చి చెప్పుండ్రి మేడం. నేను చెప్తే పువ్వు పట్టుకొచ్చి కతలు పడుతున్నదంటరు. మీరు చెప్తే నమ్ముతరు."

మీరు చెప్తే నమ్ముతారు. సరళ లేచింది. పిల్లలను వరండాలో ఎక్కాలు చదవమని, కొత్త వంటామెకు చూస్తుండమని చెప్పి, హేమ్లి వెంట నడిచింది. దారి నిండా బురద. హేమ్లి ముందు నడుస్తూ పెళ్లికి పిలవడానికి పోతున్నదానిలా ప్రతి గుమ్మం ముందూ ఆగి కేకేసింది. రండి, మేడం చెప్తది వినుండ్రి అంది. బోరింగు దగ్గర బిందెలు అక్కడే వదిలి ఆడవాళ్లు వచ్చారు. రూప్లా మంచం మీంచి లేచి వచ్చాడు. మోతీ ఇంటి ముందు గుంపు కట్టారు. దవాఖానాలో మూడు రోజులున్న కవిత తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. దవాఖానా నుంచి వచ్చాక మోతీ కూతుర్ని మళ్లీ బడికి పంపలేదు.

దారిలోనే సరళకు తెలుసు, ఇది ఎంత తేలికో. హేమ్లి దారి వేసి పెట్టింది. ఇవాళే పువ్వు చూశాం, ఇవాళే తెలిసింది అంటే చాలు. హేమ్లి గౌరవం హేమ్లికి దక్కుతుంది, రేపు బస్సు తనకు దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు.

"ఆ రోజు పప్పులో బల్లి పడలేదు" అంది. "అవి ఉల్లిగడ్డలు కావు. నా పూల గడ్డలు. విషం అవి. ఆరబెట్టమని నేనే హేమ్లక్క దగ్గర పెట్టాను, పూలవని చెప్పలేదు. ఆమె తప్పేం లేదు. తప్పు నాది."

గుంపులో గొణుగుడు మొదలైంది. రూప్లా పెళ్లాం వైపు చూసి, చూడలేక తల వంచుకున్నాడు. హేమ్లి మాత్రం తల ఎత్తుకుని నిలబడింది. మూడు నెలల తర్వాత ఆ తల అంత ఎత్తున నిలబడింది.

మోతీ కూతురి తల నిమురుతూ అడిగింది. అరవలేదు. మామూలుగానే అడిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది మేడం?"

హేమ్లి నవ్వుతూ పువ్వు పైకెత్తింది, జవాబు తన చేతిలోనే ఉందన్నట్టు. "ఇయ్యాలనే, గిప్పుడే..." అనబోయింది.

"ఆ రోజే" అంది సరళ. "గంప ఖాళీగా చూసినప్పుడే తెలిసింది."

కవిత మళ్లీ దవాఖానాకేమో అనుకుందో ఏమో, తల్లి వెనక్కి నక్కింది. హేమ్లి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆమె సరళ మొహంలోకి చూసింది, తెలియని మనిషిని చూసినట్టు.

"ఆ రోజేనా మేడం?"

"అవును హేమ్లక్కా."

"నేను సార్ ముంగట నిలవడ్డప్పుడు గుడ?"

సరళ తల ఊపింది. ఈసారి ఎటు ఊపిందో అందరికీ తెలిసింది.

హేమ్లి పువ్వును సరళ చేతిలో పెట్టి, మూత చంకలో ఇరికించుకుని, గుంపులోంచి దారి చేసుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె వెనకాలే నడిచారు. సరళ మోతీ గుమ్మం ముందు ఆ గడ్డ పట్టుకుని నిలబడి ఉంది.